ఉప్పు లేని మజ్జిగ

చాలా రోజులుగా రాయాలనుకుంటూ, ఏదో ఒక సాకుతో వాయిదా వేస్తూ వచ్చిన విషయం ఇది. ఈ ఆదివారం ఇంట్లో ఎవరూ లేరు, సాకులు కూడా అయిపోయాయి. కనుక కూర్చున్నాను.

నా కుడి పొత్తికడుపులో, బెల్టు పెట్టుకునే చోటికి కొంచెం కింద, మరొకరి మూత్రపిండం ఉంది. చాలామంది దానిని వీపు వైపు ఊహించుకుంటారు. వీపు వైపు ఉన్నవి నా పాతవి. కుంచించుకుపోయి, వాటి చోట్లలోనే ఉన్నాయి. సాధారణంగా వాటిని తీయరు. కొత్తదానిని ముందువైపు, తుంటి ఎముక లోపలి పల్లంలో అమర్చి, కాలికి వెళ్ళే పెద్ద రక్తనాళాలకు కలుపుతారు. ఆ లెక్కన నేను మూడు మూత్రపిండాల మనిషిని. పనిచేసేది ఒక్కటే, అదీ నాది కాదు.

2014 చివరలో నా రెండు మూత్రపిండాలూ చేతులెత్తేశాయి. రక్తపోటును నాలుగైదేళ్ళపాటు "పని ఒత్తిడి" అని పేరు పెట్టి పక్కకు నెట్టిన ఫలితం. ఆ తరువాత రెండున్నరేళ్ళు వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటల చొప్పున డయాలసిస్ యంత్రం పక్కన పడుకున్నాను. ఎడమ ముంజేతిలో ధమనినీ సిరనూ కలిపి కుట్టిన చోట చెయ్యి పెడితే, మూసిన గుప్పెట్లో తుమ్మెద ఉన్నట్టు ఇప్పటికీ రొద చేస్తుంది. ఆ రోజుల్లో నన్ను బాధించింది సూదులు కావు, దాహం. రోజంతటికీ కలిపి లీటరుకు మించి ద్రవం తాగకూడదు. అందులోనే కాఫీ, అందులోనే చారు, అందులోనే మాత్రలు మింగే నీళ్ళు. ఏప్రిల్ నెల మధ్యాహ్నం ఒక మంచుముక్కను బుగ్గన పెట్టుకుని, అది కరిగిపోకుండా ఎంతసేపు ఆపగలనా అని గడియారం చూసుకునేవాడిని. కొబ్బరినీళ్ళు, అరటిపండు పొటాషియం వల్ల నిషిద్ధం. ఉప్పు సంగతి చెప్పనక్కరలేదు. గుంటూరు జిల్లాలో పుట్టినవాడికి ఆవకాయ లేని మూడు వేసవులు ఎలా ఉంటాయో మీ ఊహకే వదిలేస్తున్నాను.

ఇంట్లో ఇవ్వగలిగినవారు లేకపోయారు. అమ్మకు మధుమేహం. నా భార్య ముందుకు వచ్చింది గాని రక్తవర్గం కలవలేదు. తమ్ముడికి అప్పటికే రక్తపోటు మొదలైంది. అందువల్ల జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకున్నాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ప్రారంభమైన ప్రభుత్వ పథకం అది. రాష్ట్ర విభజన తరువాత రెండు రాష్ట్రాల్లోనూ వేర్వేరుగా సాగుతున్నది. మరణించినవారి అవయవాలు ఎవరికి అందాలో జాబితా ప్రకారం నిర్ణయించే ఏర్పాటు. జాబితాలో ఉన్నవాడు ఫోనును దిండు కింద పెట్టుకుని పడుకుంటాడు. ఆ ఫోను మోగాలంటే ఎక్కడో ఒక ఇంట్లో ఏం జరగాలో అతనికి తెలుసు. మోగాలని కోరుకోవడం పాపమా అని నేను చాలా రాత్రులు ఆలోచించాను. జవాబు దొరకలేదు గాని కోరుకోవడం మానలేదు.

మొదటిసారి మోగినప్పుడు పరుగున వెళ్ళాను. ఒక అవయవానికి ఒకరికంటే ఎక్కువమందిని పిలుస్తారు. చివరి పరీక్షలో రక్తం ఎవరికి పొసగితే వారికి. ఆ రోజు పొసగింది నాకు కాదు. రెండవసారి 2017 జూలైలో, రాత్రి రెండున్నరకు మోగింది.

శస్త్రచికిత్స గురించి నాకేమీ తెలియదు, నిద్రపోయాను. మెలకువ వచ్చాక మంచం పక్కన వేలాడుతున్న సంచిలో నిండుతున్న పసుపు నీళ్ళను చూపించి నా భార్య కళ్ళు తుడుచుకుంది. మూత్రం చూసి ఆనందబాష్పాలు రాల్చిన నాయిక మన కావ్యాల్లో ఎక్కడైనా ఉన్నదేమో తెలిసినవారు చెప్పాలి.

ఇక అసలు సంగతికి రావాలి. కొత్త మూత్రపిండం పెట్టించుకున్నవాడు మర్నాటి నుంచి ఆరోగ్యవంతుడైపోతాడని అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. రెండున్నరేళ్ళ డయాలసిస్ నా తొడల్లోని కండనంతా తినేసింది. మిగిలిన పని స్టెరాయిడ్లు చేశాయి: ముఖం పున్నమి చంద్రుడిలా గుండ్రమైంది, ఆకలి బకాసురుడిదైంది, కాళ్ళు మాత్రం వెదురు పుల్లలు. టాక్రోలిమస్ అనే మందు వల్ల చేతివేళ్ళు సన్నగా వణికేవి. బ్యాంకులో నా సంతకం నాదేనా అని నా సహోద్యోగులే అడిగేవారు. ఇంటికి వచ్చిన పదోరోజున చాప మీద కూర్చుని, తిరిగి లేవలేకపోయాను. నేల మీద రెండు చేతులూ ఆనించి, మోకాళ్ళ మీదికి వచ్చి, కుర్చీ పట్టుకుని లేచేసరికి చెమటలు పట్టాయి. నాకప్పుడు నలభై రెండేళ్ళు. డెబ్భై ఏళ్ళ అమ్మ చూసి, చూడనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మొదటి ఆరు వారాలు బరువులు ఎత్తకూడదన్నారు. నీళ్ళ బిందె కూడా తాకలేదు. నడవమని మాత్రం మొదటి రోజు నుంచే చెప్పారు. ఆసుపత్రిలో మంచం నుంచి కిటికీకి పద్నాలుగు అడుగులు. ఇంట్లో వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మానికి ఇరవై ఆరు. మూడు నెలలు గడిచాక ముఖానికి మాస్కు కట్టుకుని ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి వెళ్ళడం మొదలుపెట్టాను. తార్నాక ద్వారం దగ్గర దిగి, చెట్లను లెక్కపెట్టుకుంటూ నడిచేవాడిని. ఈ రోజు ఏడో చెట్టు దాకా, రేపు ఎనిమిదో చెట్టు దాకా. ఆర్ట్స్ కళాశాల మెట్ల దాకా చేరడానికి నాకు అయిదు నెలలు పట్టింది. ఆ మెట్ల మీద రోజూ కూర్చునే విశ్రాంత ఉద్యోగుల బృందం ఒకటి నన్ను "మాస్కు సారు" అని పిలిచేది. కరోనాకు రెండేళ్ళ ముందు సంగతి. అప్పట్లో మాస్కు పెట్టుకున్నవాడు వింత మనిషి. నేను మెట్ల దాకా వచ్చిన రోజున వారిలో ఒకాయన లేచి చప్పట్లు కొట్టాడు. ఎందుకు కొట్టాడో తక్కినవారికి తెలియలేదు, ఆయనకూ పూర్తిగా తెలియదు. నేను రోజూ ఎక్కడ వెనుదిరుగుతున్నానో ఆయన గమనిస్తూ ఉన్నాడన్నమాట.

ఏడాది తిరిగేసరికి అయిదు కిలోమీటర్లు ఆగకుండా నడిచాను. 2019 డిసెంబరులో అమ్మ మొక్కు తీర్చడానికి అలిపిరి నుంచి తిరుమలకు మెట్లెక్కాను. 3,550 మెట్లు. గాలిగోపురం దగ్గర నా తమ్ముడు కూలబడితే వాడి సంచీ కూడా నేనే మోశాను. జీవితంలో నేను అనుభవించిన అల్పమైన, తీయని గర్వాలలో అది ఒకటి. తరువాత కరోనా వచ్చింది. మా శరీరాలు కొత్త అవయవాన్ని తరిమికొట్టకుండా ఉండడానికి వేసుకునే మందులే మా రోగనిరోధక శక్తిని కూడా అణచి ఉంచుతాయి. అందువల్ల రెండేళ్ళు మేడమీదే నడిచాను. నీళ్ళ ట్యాంకు చుట్టూ గానుగెద్దులా.

ఎందుకింత నడక అంటే వైద్యులు చెప్పే కారణాలు చాలా ఉన్నాయి. స్టెరాయిడ్లు చక్కెర పెంచుతాయి, ఎముకలను గుల్ల చేస్తాయి. మార్పిడి చేయించుకున్నవారికి గుండెజబ్బుల ముప్పు ఎక్కువ. బరువు పెరిగితే కొత్త మూత్రపిండం మీద భారం. ఇవన్నీ నిజాలే. వీటితోపాటు నాకు మరో కారణం ఉంది. కౌలుకు తీసుకున్న చేనును సొంత చేనుకంటే శుభ్రంగా ఉంచే రైతులను మా ఊళ్ళో చూశాను. గట్టు మీద గడ్డి మొలిచినా ఊరుకోరు. భూమి అసలు యజమాని రేపు వచ్చి చూస్తే తలదించుకోకూడదన్న పంతం. ఉదయం ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ మాత్రలు, మూడు లీటర్ల నీళ్ళు, పంపరపనస జాతి పండ్లకు దూరం, రోజూ గంట నడక: నా కౌలు ఒప్పందం ఇదే. యజమాని ఎవరో మాత్రం తెలియదు. దాత కుటుంబం వివరాలు మాకు చెప్పరు. మన పత్రికలు జిల్లా పుటల్లో అప్పుడప్పుడు పేర్లు వేస్తుంటాయి. ఆనాటి పత్రికలను వెతకనని నా భార్యకు మాట ఇచ్చాను, వెతకలేదు.

నాలాంటివారికి ఆటల పోటీలు కూడా ఉన్నాయని తెలిసినప్పుడు నమ్మలేదు. 1978లో ఇంగ్లండులోని పోర్ట్‌స్మత్‌లో మోరిస్ స్లేపాక్ అనే శస్త్రవైద్యుడు వీటిని ఆరంభించాడు. ప్రపంచ ట్రాన్స్‌ప్లాంట్ క్రీడలు రెండేళ్ళకోసారి జరుగుతాయి. 2025 ఆగస్టులో జర్మనీలోని డ్రెస్డెన్‌లో జరిగాయి. పరుగు, ఈత, సైకిలు, అన్నీ అవయవం పొందినవారే. దాతలనూ దాతల కుటుంబాలనూ కూడా అక్కడికి పిలుస్తారు. నేను పతకాల మనిషిని కాను. కాని ఆ దృశ్యాలు చూసిన రోజున మెట్ల దాకా మాత్రమే నడవవలసినవాడిని, ఇంకొక చుట్టు తిరిగి వచ్చాను.

ఇలా నడుస్తున్నవాడిని కనుక నన్ను సభలకు పిలవడం మొదలుపెట్టారు. "చూడండి, ఎంత ఆరోగ్యంగా ఉన్నారో" అని నన్ను నిలబెట్టి చూపించడం నిర్వాహకులకు ఇష్టం. ఆగస్టు 3 మన దేశంలో అవయవదాన దినోత్సవం. 1994లో అదే తేదీన ఢిల్లీ ఎయిమ్స్‌లో, రాజమండ్రిలో పుట్టిన వైద్యుడు పి. వేణుగోపాల్ దేశంలో తొలిసారి విజయవంతంగా గుండెమార్పిడి చేశారు. ఆ సందర్భంగా ఒక డిగ్రీ కళాశాలలో మాట్లాడాను. వేదిక మీద నాకంటే ముందు మాట్లాడినవారు శిబిచక్రవర్తినీ దధీచినీ స్మరించారు. నేను నా దాహం గురించి, చెట్ల లెక్క గురించి చెప్పాను. పిల్లలు నవ్వారు, చప్పట్లు కొట్టారు. చివర్లో వెనక వరుసలోంచి ఒక అమ్మాయి లేచి అడిగింది:

"సార్, మీకు జబ్బు రాకముందు మీ ఇంట్లోవాళ్ళ విషయంలో ఎవరైనా అడిగి ఉంటే, మీరు ఒప్పుకునేవారా?"

"తప్పకుండా ఒప్పుకునేవాడినమ్మా" అన్నాను. క్షణం కూడా తడుముకోలేదు.

అది అబద్ధం. నన్ను అడిగారు. నేను కాదన్నాను.

2011లో మా మేనమామ కొడుకు, ఇరవై నాలుగేళ్ళవాడు, మోటారు సైకిలు మీద నుంచి పడ్డాడు. తలకు హెల్మెట్ లేదు. పట్నంలో పెద్ద ఆసుపత్రికి తెచ్చారు. మామయ్య, అత్తయ్య ఊరినుంచి వచ్చి ఐసీయూ బయట సిమెంటు బల్ల మీద రెండు రోజులుగా కూర్చుని ఉన్నారు. ఇంగ్లీషు అర్థమయ్యేవాడిని, బ్యాంకు ఉద్యోగిని, నేను. కనుక వైద్యులు చెప్పవలసినవన్నీ నాతో చెప్పేవారు. మూడో రోజు ఉదయం మెదడు మరణించిందని చెప్పారు. కొంతసేపటికి ఒక యువతి వచ్చి, నన్ను పక్కకు పిలిచి, చాలా నెమ్మదిగా, కూర్చోమని చెప్పి, అవయవదానం గురించి అడిగింది. ఆమె వాక్యం పూర్తికాకముందే నేను లేచి నిలబడ్డాను. "వాళ్ళ దగ్గరకు వెళ్ళి ఈ మాట ఎత్తారంటే ఊరుకోను. వాడి గుండె ఇంకా కొట్టుకుంటోంది" అన్నాను. ఆమె క్షమించమని చెప్పి వెళ్ళిపోయింది. మర్నాడు మధ్యాహ్నం గుండె ఆగింది. కళ్ళు కూడా ఇవ్వలేదు. కళ్ళయితే గుండె ఆగి మరణించిన తరువాత కూడా, ఆరు గంటలలోపు ఇవ్వవచ్చు.

ఆ రోజు నాకు తెలియని సంగతులు ఇప్పుడు తెలుసు. గుండెకు సొంత లయ ఉంటుంది. వెంటిలేటరు ప్రాణవాయువు అందిస్తున్నంతసేపు, మెదడు మరణించినా కొంతకాలం అది కొట్టుకోగలదు. మెదడుకాండం మరణించినవారు తిరిగి రావడం ఉండదు. 1994లో వచ్చిన చట్టం ఆ స్థితిని మరణంగానే గుర్తించింది. నలుగురు వైద్యుల బృందం నిర్ధారించాలి. మార్పిడి చేసే వైద్యులు అందులో ఉండకూడదు. కంటిపాపలు వెలుగుకు స్పందిస్తున్నాయా, గొంతులో గొట్టం కదిలిస్తే దగ్గు వస్తుందా, యంత్రం తీసి చూస్తే ఊపిరి తనంతట తాను కదులుతుందా అని పరీక్షించి, కనీసం ఆరు గంటల తరువాత ఆ పరీక్షలన్నీ మళ్ళీ చేస్తారు. ఇంత జాగ్రత్త ఉంది. కాని మన పత్రికలు దీనికి "జీవన్మృతుడు" అని పేరు పెట్టాయి. చక్కని సమాసం, కాని ఆ మాటలో "జీవన్" ముందు వినిపిస్తుంది. బతికే చచ్చినవాడని దాని అర్థం. చనిపోయినవాడిని ఆ పేరుతో పిలిచినప్పుడు, ఐసీయూ బయట కూర్చున్న తల్లికి ఆశ మొదటి అక్షరంలోనే పుడుతుంది. "మరణించాడు" అని చెప్పడానికి ఇంతకంటే నిజాయితీ గల తెలుగు మాట మనకు దొరకదా? భాష మీద ప్రేమ ఉన్నవారు దీని గురించి ఆలోచించాలని నా మనవి.

అయితే నా తప్పును పత్రికల మీదికి తోసెయ్యలేను. ఆ యువతి నాకు చెప్పబోయింది. నేను వినలేదు.

కళాశాల నుంచి వచ్చిన రాత్రి నిద్ర పట్టలేదు. ఆ వారాంతం బస్సెక్కి తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఊరు వెళ్ళాను. మామయ్య పోయి నాలుగేళ్ళయింది. అత్తయ్య ఒక్కతే ఉంటుంది. బస్సు దిగిన చోటినుంచి ఇంటికి రెండు కిలోమీటర్లు. ఆటోవాడు పిలుస్తున్నా ఎక్కలేదు. ధైర్యం కూడగట్టుకోవడానికి ఆ దూరం కావాలి అనిపించింది.

వసారాలో కూర్చోబెట్టి, నేను చెప్పిందంతా విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయిపోయాక చాలాసేపు చేతిలోని విసనకర్ర కేసి చూస్తూ ఉండిపోయింది.

"నువ్వు కాదన్నావని నాకు తెలియదు అబ్బాయీ. అసలు అడిగారనే తెలియదు" అంది.

"నువ్వయితే ఏమనేదానివి అత్తయ్యా?"

"ఏమో. ఆ రోజు నా ఒంట్లో తెలివి ఎక్కడుంది. వద్దనే అందునేమో. మీ మామయ్య అయితే కొట్టడానికి వెళ్ళేవాడేమో." కొంచెం ఆగింది. "అయినా నన్నడగాల్సిందిరా. వాడు నా కొడుకు."

దానికి నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు. పద్నాలుగేళ్ళుగా నేను కాదన్నానని బాధపడుతూ వచ్చాను. ఆమె తప్పుపట్టింది దానిని కాదు. ఔననే హక్కు, కాదనే హక్కు కూడా ఆమెవి. రెండూ నేను లాక్కున్నాను.

తరువాత ఆమె నా వైపు తిరిగి, "ఎక్కడ పెట్టారు నీకు, వీపునా?" అని అడిగింది. కాదని చెప్పి, చొక్కా మీదినుంచే కుడివైపు చూపించాను. చూసింది. తల ఊపింది. లోపలికి వెళ్ళి పెద్ద గ్లాసుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "ఉప్పు వెయ్యలేదులే. నీకు పడదుగా" అంది.

ఉప్పు విషయంలో నాకిప్పుడు అంతటి పథ్యం లేదు. ఆ మాట చెప్పలేదు. గ్లాసు పూర్తిగా తాగాను.

శిబి, దధీచి గొప్పవారే. కాని వారు తమ దేహాన్ని తామే ఇచ్చారు, ఇంకొకరి సంతకంతో పని లేదు. మన కాలంలో మరణానంతర దానం అలా జరగదు. 2023 నుంచి ఆధార్ సంఖ్యతో జాతీయ సంస్థ నోటో వెబ్‌సైటులో ఎవరైనా ప్రతిజ్ఞ నమోదు చేసుకోవచ్చు, చేసుకోండి, మంచిదే. కాని ఆ రోజు వచ్చినప్పుడు కుటుంబాన్ని అడుగుతారు, కుటుంబం ఒప్పుకుంటేనే తీసుకుంటారు. జీవితంలోకెల్లా చెడ్డ గంటలో, సిమెంటు బల్ల మీద కూర్చున్న మనిషి మన తరఫున నిర్ణయం తీసుకోవాలి. మన మనసులో ఏముందో ఆ మనిషికి ముందే తెలిసి ఉంటే ఆ గంట కొంచెం తేలికవుతుంది. ఔనో కాదో, ఏదైనా సరే, తెలిసి ఉండాలి.

అందుకని తిరిగి వచ్చిన రాత్రే భోజనాల దగ్గర ఈ విషయం ఎత్తాను. నా భార్య, కూతురు, అమ్మ ఉన్నారు. నేను పోతే పనికొచ్చేవి ఏమున్నా ఇచ్చెయ్యమన్నాను. "వాడేసిన సరుకు ఎవరు తీసుకుంటారు నాన్నా" అని మా అమ్మాయి నవ్వింది. కళ్ళు తీసుకోవచ్చేమో, వైద్యులే తేలుస్తారు అన్నాను. నా భార్య తనవి ఇవ్వమంది. అమ్మ మాత్రం, "నన్ను కొయ్యొద్దు, ఉన్నదున్నట్టు పంపించండి" అంది. సరే అన్నాను. అమ్మ మాట అది. గుర్తుంచుకుంటాను.

ఆ కళాశాలకు మరుసటి నెల మళ్ళీ వెళ్ళాను. ప్రశ్న అడిగిన అమ్మాయి ఆ రోజు రాలేదు. ఉన్నవారికి నిజం చెప్పి వచ్చాను. ఆమెకు చెప్పమని కూడా చెప్పాను.